స్టీరియో కుండలు

1988 జనవరి 4, సోమవారం

ఈ డైరీ పురుగుమందుల కొట్టువాళ్ళు ఇచ్చింది. అట్ట మీద మందు సీసా బొమ్మ, పక్కన నవ్వుతున్న రైతు. ఆ బొమ్మ ఇంట్లో ఉండటం నాకు ఇష్టం లేదు. పాత పేపరు చింపి అన్నం మెతుకులతో అంటించాను. ఇప్పుడు సీసా కనపడదు, రైతూ కనపడడు.

నేను చదివింది మిషను బడిలో నాలుగో తరగతి. అయినా రాస్తాను. ప్రార్థనలో చెప్పుకుందామంటే మా ఆయన పక్కనే మోకాళ్ళ మీద ఉంటాడు. ఆయన గురించి దేవుడికి ఆయన ముందే ఎట్లా చెప్పను?

పత్తి పోయింది. తెల్లదోమ మా కౌలు చేను ఒక్కటే తినలేదు, ఊరు ఊరంతా తినేసింది. అందరికీ పోయింది కదయ్యా అంటే, "అందరికీ జొరమొస్తే నాది తగ్గుద్దటే?" అన్నాడు. ఈ వారంలో ఆయన మాట్లాడిన పొడుగు మాట అదే.

రేపు వినుకొండ పోయి చిన్నవాడు మార్కుకు ఉత్తరం వేసి రారాదా అన్నాను. "రేపటి సంగతి ఇప్పుడెందుకే" అన్నాడు. ఏది అడిగినా అంతే. రేపు ఇది చేస్తాను, ఎల్లుండి అది చేస్తాను అని ఎప్పుడూ అనే మనిషి. ఇప్పుడు ఆ మాట ఆయన నోట రావడం లేదు.

జనవరి 6

పక్క ఊళ్ళో ఒక రైతు చేలోనే పురుగుమందు తాగాడట. గోడ అవతలింటి కోటిరత్నం చెప్పింది. మెల్లగా చెప్పే అలవాటు ఆమెకు లేదు. మా ఆయన మంచం మీదే కూర్చుని అంతా విన్నాడు. నేను ఎన్ని చేతులూపినా ఆమె ఆపలేదు.

మా పాకలో చేనుకు కొట్టగా మిగిలిన మందు డబ్బా ఒకటి ఉంది. తీసి పిడకల గూటిలో పెట్టాను.

జనవరి 7

పిడకల గూడు మంచిది కాదు. ఆయన పొయ్యి వెలిగించబోయి చూడొచ్చు. ఆయన జన్మలో పొయ్యి వెలిగించలేదు. అయినా మార్చాను.

జనవరి 17, ఆదివారం

మార్కు వచ్చాడు. వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో వాడి పని. వస్తూ ఒక స్టీరియో సెట్టు మోసుకొచ్చాడు. రేడియో, ఆంప్లిఫయరు ఒకే పెట్టెలో ఉంటాయి, స్పీకర్లు రెండు విడిగా ఉంటాయి. పేరున్న కంపెనీది కాదు. చీరాలలో మైకుసెట్టు అద్దెకిచ్చే ఆయన దగ్గర చవగ్గా దొరికిందట. గది ఇచ్చిన వాళ్ళు గోలగా ఉందంటున్నారు, ఇక్కడ పెట్టిపోతాను అన్నాడు.

కరెంటు వస్తువు. పైన తాటాకు. భయంగా ఉందిరా అన్నాను. "లైటు కూడా కరెంటేగా అమ్మా" అన్నాడు. లైటంటే కూడా నాకు భయమేనని వాడికి తెలియదు.

బెజవాడ స్టేషను పెట్టాడు. పాట వచ్చింది. వాళ్ళ నాన్న కాసేపు విని, "ఏందిరా ఇది, డబ్బాలో కందులు పోసి ఊపినట్టుంది" అన్నాడు.

"చవక సెట్టు నాన్నా. అట్టాగే ఉంటది."

"చవకదైతే మాత్రం? మనిషి గొంతు మనిషి గొంతులాగా ఉండొద్దూ?"

మార్కు నా వైపు చూశాడు. నేను పొయ్యి దగ్గరకు వచ్చేశాను. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. పొగ.

జనవరి 21

మా ఆయన సెట్టు మూత విప్పాడు. వయసులో ఉన్నప్పుడు చర్చి మైకు ఈయనే చూసుకునేవాడు. జక్రయ్య చెయ్యి పడితే కూయని మైకు లేదనేవాళ్ళు. అప్పుడు కూడా నాకు భయమే.

"కరెంటు తీశావా?"

"తీశా."

"మళ్ళీ చూడు."

"వైరు నా చేతిలోనే ఉందే!"

"ఇంకో వైరుందేమో."

"లేదు."

"ఉంటే?"

ఆయన లేచి వచ్చి వైరు కొస నా ఒళ్ళో పడేశాడు. "ఇదుగో, కరెంటు మొత్తం నీ ఒళ్ళో ఉంది. పట్టుకు కూర్చో" అన్నాడు. మూత బిగించేదాకా పట్టుకునే కూర్చున్నాను.

జనవరి 27

పాట వెనకాల బుయ్యిమని ఒక మోత వస్తుంది. అది పోవాలంటే లోపల కండెన్సరు మార్చాలట. సెట్టును దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాడు. వినుకొండలో అలీ సాహెబు అని రేడియోలు బాగుచేసే ఆయన ఉన్నాడు.

బస్సు వచ్చినప్పుడల్లా రోడ్డు మీదకు పోయి చూశాను. దారిలో బావులున్నాయి, రైలు పట్టాలున్నాయి. చివరి బస్సుకు దిగాడు. మోత పోయిందంట. అలీ సాహెబు టీ ఇప్పించాడంట. అన్నం చల్లారిపోయిందని మాత్రం అన్నాను.

ఫిబ్రవరి 9

కోటిరత్నంతో మిరప కల్లానికి పోతున్నాను, తొడిమలు తీయడానికి. పెద్దాళ్ళ కల్లం, మంచి కాయ. ఇంటికొచ్చాక సెట్టు మీద దుమ్ము కనపడితే చెంగుతో తుడిచాను. సౌండు తిప్పే బటను సందులోకి కారం దూరింది కాబోలు, తిప్పితే కరకరమంటుంది.

"ఎవతే దీన్ని ముట్టుకుంది?"

"ఇంట్లో ఎంతమంది ఆడాళ్ళున్నారయ్యా?"

బటను విప్పి పెట్రోలుతో కడిగాడు. అదే చేత్తో కన్ను రుద్దుకున్నాడు. ఇంకేముంది. మజ్జిగ గుడ్డతో అద్దాను. ఒక కన్ను తగ్గాక రెండో కంటి నుంచి కారింది. మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చాడు. భుజాలు కూడా కదిలాయి. పత్తి పీకేసిన రోజున కూడా కన్ను తడవని మనిషి.

కారం ఘాటు అట్లాంటిది మరి.

ఫిబ్రవరి 20

నా కుండలు పోయాయి. ఎండాకాలం నీళ్ళకని కొన్నవి రెండు. స్పీకర్ల చెక్కపెట్టెలు పలచగా ఉండి గిలగిల కొట్టుకుంటున్నాయంట. కుండ మూతికి స్పీకరు బిగిస్తే గొంతు లోతుగా వస్తుందని అలీ సాహెబు చెప్పాడట.

"మరి నీళ్ళు దేంట్లో తాగుదాం?"

"బిందెలో తాగు."

"బిందె నీళ్ళు చల్లగుంటాయా?"

"పాట వింటా తాగు, చల్లగుంటాయి."

ఇది ఆయన పాత పద్ధతి మాట. నేను ఇంక కుండల గురించి అడగలేదు.

కుండలో గోల తిరగకుండా దూది కుక్కాలంట. మచ్చపడి ఎవరూ కొనని పత్తి మూలన బస్తాలో ఉంది. ఆయనే విప్పాడు. ఆ బస్తా వైపు ఇన్నాళ్ళూ చూసేవాడు కాదు. చేత్తో తీసి తీసి కుక్కాడు. "బజార్లో పనికిరాకపోతే మానె, దీనికన్నా పనికొచ్చింది" అన్నాడు.

డబ్బాను పెట్టె అడుగున, నా తెల్ల చీర కింద పెట్టాను.

మార్చి 6, ఆదివారం

కుండలు బిగించాక గొంతు లోతుగా రావడం అటుంచి, ఉన్నదీ పీలగా అయిపోయింది. నూతిలో నుంచి చీమ పాడినట్టు. నాలుగు రోజులు తల పట్టుకున్నాడు. నేను డబ్బా చోటు మళ్ళీ మార్చాను. ఈ రోజు చర్చి నుంచి వస్తూ వస్తూ దారిలోనే ఆగిపోయాడు. "వైర్లు!" అన్నాడు. పరిగెత్తాడు. ఈ వయసులో పరుగేంటి, గుండె ఆగితే.

ఇంటికొచ్చి నాకు చూపించాడు. సెట్టు వెనక ఎర్ర స్క్రూ, నల్ల స్క్రూ ఉంటాయి. ఎర్ర వైరు ఎర్రదానికి, నల్లది నల్లదానికి బిగించాలి. ఒక కుండకు సరిగ్గా పెట్టి రెండోదానికి తారుమారు చేశాడంట.

"అయితే ఏమవుద్ది?"

"ఒక ఎద్దు ముందుకు లాగి, ఇంకో ఎద్దు వెనక్కి లాగితే నాగలి కదులుద్దా?"

"కదలదు."

"అదే."

సరిచేసి పెట్టాడు. డోలు దెబ్బ నా చేతిలో ఉన్న గ్లాసుకు తెలిసింది.

మార్చి 23

ఈ నెలంతా అదే పని. సన్న వైర్లు తీసి లావు వైర్లు వేశాడు. ఇంటి మీద నుంచి వేపచెట్టు దాకా రాగి తీగ కట్టాడు, స్టేషను సాఫుగా రావడానికి. చెట్టెక్కుతుంటే నేను కింద చేతులు చాపి నిలబడ్డాను. "పడితే నువ్వు పడతావా నన్ను?" అన్నాడు. పట్టలేను. అయినా నిలబడ్డాను.

ఏప్రిల్ 3, ఈస్టరు

మార్కు కొత్త పాటల క్యాసెట్టు, అది వేసే చిన్న మిషను తెచ్చి సెట్టుకు తగిలించాడు. కోటిరత్నం, వాళ్ళాయన కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పాడే ఆమె చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. కుడి కుండలో హార్మణీ, ఎడమ కుండలో తబలా.

"ఏం వదినా, నా గొంతు కూడా ఈ కుండలో పెట్టిస్తే బాగుపడుద్దేమో?" అంది కోటిరత్నం.

"నీ గొంతుకు నీళ్ళ గాబు కావాలమ్మా, కుండ చాలదు" అన్నాడు మా ఆయన.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరూ వెళ్ళాక ఆయన సెట్టు కట్టేశాడు. దాని మీద గుడ్డ కప్పాడు. "ఇంక దీనికి చేయాల్సిందేం లేదు" అన్నాడు. మంచం మీద కూర్చుని చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఖాళీ చేతులు.

ఏప్రిల్ 5

పొద్దుటి నుంచి మంచం మీదే. సెట్టు మీద గుడ్డ తీయలేదు. పాక వైపు చూస్తూ కూర్చున్నాడు. డబ్బా పాకలో లేదు. అయినా చూస్తున్నాడు. పెట్టిన అన్నం కోళ్ళకు వేశాడు.

ఏప్రిల్ 6

కుడి కుండ పలకడం లేదు. వెనక వైరు ఊడింది. ఎలుకలు ఎక్కువయ్యాయి ఇంట్లో.

ఆయన మధ్యాహ్నం దాకా దాని ముందే. అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

ఏప్రిల్ 14

ఎడమది. ఎలుకే.

ఏప్రిల్ 22

ఎలుక.

ఏప్రిల్ 24, ఆదివారం

ఈ రోజు వాక్యం పొరుగువాడి మీద అబద్ధపు సాక్ష్యం చెప్పకూడదని. పాస్టరుగారు నన్నే చూసి చెబుతున్నట్టు అనిపించింది. ఎలుక పొరుగువాడి కిందకు రాదు, మన ఇంట్లోదే కదా అని సర్దుకున్నాను. ఇంటికొచ్చాక సర్దుకోలేకపోయాను.

వైర్లు వదులు చేసింది నేనే. ఆయన బావి దగ్గరకు పోయినప్పుడు కత్తిపీట మొనతో స్క్రూ తిప్పి వైరు లాగాను. కరెంటు తీసి, వైరు కొస ఒళ్ళో పెట్టుకుని మరీ.

బాగుచేయడానికి ఏదో ఒకటి ఉన్నన్నాళ్ళూ ఆయన మంచం దిగుతాడు. అన్నం అడుగుతాడు. నన్ను తిడతాడు. అంతా బాగైపోతే ఇంక ఏముంది? దేవుడు కూడా ఆరు రోజులు పని చేసి ఏడో రోజు ఊరుకున్నాడు. ఆయన దేవుడు కాబట్టి ఊరుకోగలిగాడు.

మే 11

నిజం ఎలుకలు వచ్చాయి.

పొద్దున సెట్టు పెడితే కుడి కుండ చిరిగిన డప్పులా మోగింది. విప్పి చూస్తే స్పీకరు కాగితం కొరికేసి ఉంది. కుండ నిండా పత్తిగింజల పొట్టు. స్పీకరు పట్టుకుని అలీ సాహెబు దగ్గరకు పోయాడు. ఆయన నవ్వాడట. "గింజ తీయని పత్తి పెడతారా ఎవరన్నా? దూది పెట్టమన్నాను గానీ ఎలుకలకు భోజనం పెట్టమన్నానా జక్రయ్యా?" అన్నాడట. ఈయనకూ నవ్వొచ్చిందంట. పత్తి పండించేవాళ్ళకు పత్తంటే గింజతోనే కదా. కొత్త కాగితం అతికించి ఇచ్చాడు.

నవ్వుతూనే చెబుతున్నాడు, నేనూ వింటున్నాను. అప్పుడు అన్నాడు.

"పాకలో ఉండే మందు డబ్బా ఏదే? పిండిలో కలిపి ఎలుకలకు పెడతా. వీటి సంగతి తేల్చాలి. ఏప్రిల్ నుంచి నీ నోట ఎలుక తప్ప మాట లేదుగా."

నేను అబద్ధమాడిన ఎలుకే ఆ డబ్బాను బయటకు రమ్మని పిలిచింది.

కోటిరత్నానికి ఇచ్చేశాను అన్నాను. నోటికి వచ్చింది అన్నాను.

మే 12

పొద్దున్నే గోడ దగ్గరకు పోయి కోటిరత్నాన్ని అడిగాడు. నేను పొయ్యి దగ్గర నుంచే విన్నాను. ఊరంతా విని ఉంటుంది.

"మీ మందు నాకెందుకన్నయ్యా? మా చేలో ఏం మిగిలిందని కొట్టను? వదినకు మతి పోతంది, ఒకసారి ఆస్పత్రిలో చూపించు!"

వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఎక్కడ దాచావే?"

"దాచలేదు. ఎక్కడో పెట్టి మర్చిపోయా."

"ఎందుకు పెట్టావ్?"

పొయ్యిలోకి పుల్లలు తోశాను. అవసరం లేకపోయినా తోశాను.

"జనవరిలో ఒకరోజు పాకలోకి పోయా" అన్నాడు. "డబ్బా కోసమే. అక్కడ లేదు. చాలాసేపు వెతికా. వెతికి వెతికి, నువ్వే తీసుంటావని అర్థమైంది. బయటకు వచ్చేశా."

నేను ఏ రోజని అడగలేదు. అన్నం ఉడుకుతోంది. మూత ఎగిరెగిరి పడుతోంది. తీయాలని తెలుసు, చేయి లేవలేదు. ఆయనే లేచి మూత తీశాడు. జన్మలో పొయ్యి దగ్గరకు రాని మనిషి.

"ఇప్పుడడిగింది ఎలుకలకేనే, ఎలీసా" అన్నాడు. "ఒట్టు. ఎలుకలకే."

అప్పుడు ఏడ్చాను. పొగ అని రాయను.

పొయ్యిలో పుల్ల వెనక్కి లాగి అన్నాడు, "ఎలుక వైరు కొరుకుద్ది గానీ స్క్రూ తిప్పుద్దటే?"

"తెలుసా నీకు?"

"స్క్రూ మీద కత్తిపీట గీతలు కనపడవా?"

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"నువ్వు పొద్దస్తమానం నన్నే కనిపెట్టుకుని కూర్చుంటున్నావు. నీక్కూడా ఏదో ఒక పని ఉండాలిగా."

డబ్బా కోసం ఇద్దరం వెతికాం. ఎన్నిసార్లు మార్చానో నాకే తెలియదు. తెల్ల చీర కింద లేదు. గడ్డివాములో లేదు. చివరకు కోళ్ళ గంప వెనక గోడ గూటిలో దొరికింది, మీద నేనే ఇటుక పెట్టి ఉంచాను. ఆయన బావికి దూరంగా, బీడులో లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టాడు. నేను వెంటే ఉన్నాను. మట్టి కప్పాక ఇద్దరం తొక్కాం. నేను ఇంకాసేపు తొక్కాను.

"చాలు, దానికి కాళ్ళు లేవు, లేచి రాదు" అన్నాడు.

ఎలుకలకు కోటిరత్నం పిల్లిని ఇచ్చింది.

మే 30

కుండల్లో గింజ తీసిన దూది కుక్కాడు. పిల్లి వెళ్ళి ఎడమ కుండ మీద పడుకుంటోంది. ఎలుకలు అది లేని వేళ చూసుకుని వస్తున్నాయి.

జూన్ 20, సోమవారం

వాన పడింది. చూరు కారుతోందేమో, సెట్టు తడుస్తుందేమో అని లేచి లేచి చూశాను. తడవలేదు.

రేడియోలో వ్యవసాయం కార్యక్రమం వచ్చింది. ఇన్నాళ్ళూ అది రాగానే బటను తిప్పేసేవాడు. ఈ రోజు చివరిదాకా విన్నాడు. పత్తి మాట వచ్చినా కట్టేయలేదు. తర్వాత, "ఈ ఏడు మిరప నారు పోద్దామంటావా?" అని నన్ను అడిగాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఏ పంట వేయాలని నన్నడిగింది లేదు. మిరపకు తెగులొస్తేనో అన్నాను. "రాకముందే నువ్వు భయపడి పెట్టు, నాకు తగ్గుద్ది" అన్నాడు.

జులై 8, శుక్రవారం

ఆయన చేలో ఉన్నాడు. నారుమడికి మళ్ళు కడుతున్నాడు. మధ్యాహ్నం వార్తలు వింటూ ఉంటే ఎడమ కుండ ఆగిపోయింది. నేను ముట్టుకోలేదు. పిల్లి దూకితే వైరు నిజంగానే ఊడింది.

ఆయన వచ్చేదాకా ఉండొచ్చు. ఉండలేదు. కరెంటు తీశాను. మళ్ళీ చూశాను. వైరు కొస ఒళ్ళో పెట్టుకున్నాను. ఊడదీయడం వచ్చినదాన్ని, బిగించడం రాదా? కత్తిపీట మొనతో స్క్రూ బిగించాను. మొన రెండుసార్లు జారింది గానీ పడింది. పెట్టి చూశాను. రెండు కుండలూ పలికాయి. కాకపోతే లోతు లేదు. పీలగా ఉంది.

సాయంత్రం మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు. వాకిట్లోనే ఆగి చెవి పెట్టాడు.

"ఎవరే చేసింది దీన్ని?"

"నేనే."

"ఒక ఎద్దును తిరగేసి కట్టావు."

"అయితే నువ్వు సరిగ్గా కట్టు."

"కాళ్ళన్నా కడుక్కోనీవే. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. రేపు చూస్తాలే."

చెంబుతో నీళ్ళిచ్చాను. అన్నం పెట్టాను. సెట్టు కట్టేయబోతే వద్దన్నాడు. తారుమారు వైరుతో అది పీలగా పాడుతూనే ఉంది. పాడనీ. రేపు చూస్తానన్నాడుగా.